ఈల ఎవరి చేతిలో ఉంది?

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ తప్ప మరో మాట వినపడదు. ఆఫీసుల్లో, యూనివర్సిటీ క్యాంటీన్లలో, విమానాశ్రయాల్లో అందరి కళ్లూ టీవీల మీదే. ఆ సందడితో పాటు ప్రతి ఏడూ ఒక నిట్టూర్పు కూడా వినిపిస్తుంది. ఆట మునుపటిలా లేదట. పిల్లలకి మెళకువలు తెలియవట. రిఫరీలు ఆటని చెడగొడుతున్నారట. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటూ, ఈ ఆట చూస్తూ ఈ మాట వింటూనే ఉన్నాను.

ఈ నిట్టూర్పులో రెండు రకాలున్నాయని నాకు కొంత ఆలస్యంగా తెలిసింది. మగపిల్లల ఆట గురించి మాట్లాడేటప్పుడు అది ఒకప్పటి శిఖరం నుంచి కిందికి జారిందంటారు. ఆడపిల్లల ఆట గురించైతే అసలు శిఖరం దాకా ఎప్పుడు వెళ్లింది అంటారు. రెండింటినీ కొలిచే కొలబద్ద మాత్రం ఒకటే. ఆ కొలబద్దని ఎవరు తయారు చేశారు, నియమాలు ఎవరు రాశారు, ఈల ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలు ఆ కబుర్లలో రావు. చరిత్రలోకి వెళ్లి చూస్తే అసలు కథంతా ఆ ప్రశ్నల్లోనే ఉందనిపిస్తుంది.

తలుపులు మూసి ఆడిన ఆట

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు చలికాలంలో విద్యార్థులకు పొద్దుపోవడం కోసం ఈ ఆట కనిపెట్టాడు. రెండు పీచ్ పళ్ల బుట్టలు, ఒక బంతి, 13 నియమాలు. ఈ సంగతి చాలామందికి తెలుసు. కొద్ది నెలల్లోనే అక్కడికి దగ్గర్లోని స్మిత్ మహిళా కాలేజీలో సెండా బెరెన్సన్ ఈ ఆటని తన విద్యార్థినులకు నేర్పిందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. లిథువేనియా నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదు కుటుంబంలోని అమ్మాయి ఆమె. అంటే స్త్రీలు ఈ ఆటలోకి తర్వాతెప్పుడో వచ్చి చేరినవాళ్లు కాదు, దాదాపు మొదటి నుంచీ ఉన్నవాళ్లే.

1893 మార్చి 22న స్మిత్ కాలేజీలో మొదటి, రెండో సంవత్సరాల విద్యార్థినుల మధ్య పోటీ జరిగింది. మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. రెండో సంవత్సరం వాళ్లు 5-4తో గెలిచారు. మొదటి బంతి ఎగరేసిన క్షణంలోనే ఒకమ్మాయి భుజం ఎముక తప్పింది. అయినా ఆట ఆగలేదు.

ఆ తర్వాత బెరెన్సన్ నియమాలు మార్చింది. కోర్టుని మూడు భాగాలు చేసింది. ఏ భాగంలో నిలబడ్డ అమ్మాయి ఆ భాగంలోనే ఉండాలి, గీత దాటకూడదు. ఎదుటి మనిషి చేతిలోంచి బంతి లాక్కోకూడదు. మూడు సెకన్లకు మించి బంతిని పట్టుకోకూడదు, మూడు సార్లకు మించి నేలకు కొట్టకూడదు. ఈ నియమాలే 1899లో స్త్రీల ఆటకి అధికారిక నియమాలయ్యాయి. ఇంతలో న్యూ ఆర్లీన్స్‌లోని న్యూకూంబ్ కాలేజీలో క్లారా బేర్ అనే మరో అధ్యాపకురాలు 1895లోనే తన సొంత నియమాలు అచ్చు వేసింది. నైస్మిత్ పంపిన పటంలో ఆటగాళ్లు సాధారణంగా ఎక్కడెక్కడ తిరుగుతారో చూపించే చుక్కల గీతల్ని ఆమె దాటకూడని గీతలుగా అర్థం చేసుకుందని చెబుతారు.

బెరెన్సన్‌ని ఇవాళ మనం ఎలా అర్థం చేసుకోవాలి? ఎక్కువ పరిగెత్తితే ఆడదాని గుండె, గర్భసంచి, నరాలు దెబ్బతింటాయని డాక్టర్లే చెప్పిన కాలం అది. మోటుగా ఆడితే ఆడతనం పోతుందన్న భయం సరేసరి. ఆమె ఆ భయాల్ని కొంత నమ్మింది, కొంత వాడుకుంది. గీతలు గీసింది, ఆ గీతల మధ్య ఆడపిల్లల్ని ఆడించింది. వంటింటి కిటికీ తీసి ఇంత గాలి రానిచ్చి, వీధి తలుపు మాత్రం వేసే ఉంచిన మన అమ్మమ్మలు గుర్తొస్తారు నాకు. వాళ్లని మెచ్చుకోవాలా, తప్పు పట్టాలా అంటే ఒక్క మాటలో చెప్పలేం.

ఆ తలుపులు మూసి ఉన్నా ఆట ఆగలేదు. 1896 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీల అమ్మాయిలు తలపడ్డారు. స్త్రీల కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ అది. ప్రేక్షకులు కూడా స్త్రీలే. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది. ఇవాళ ఆ స్కోరు చూసి నవ్వేవాళ్లుంటారు. వాళ్లు ఆడిన బట్టలు, వాళ్లకి దొరికిన నియమాలు, వాళ్లు అప్పటిదాకా ఎన్నిసార్లు పరిగెత్తి ఉంటారన్నది తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

నాజూకుతనం ఎవరికి?

1923లో లూ హూవర్ నాయకత్వంలో జాతీయ స్థాయిలో ఏర్పడ్డ స్త్రీల క్రీడా విభాగం, ఆడపిల్లలకి పోటీలే వద్దు, అందరూ సరదాగా ఆడుకుంటే చాలు అన్న విధానం తీసుకుంది. దానితో కాలేజీల్లో ‘ప్లే డే’లు వచ్చాయి. వేర్వేరు కాలేజీల అమ్మాయిల్ని కలగలిపి జట్లు చేసేవారు. ఏ కాలేజీ గెలవదు, ఏ కాలేజీ ఓడదు. ఆట అయ్యాక తినుబండారాలు, షర్బత్తులు. ఈ విధానంలో ఒక మంచి ఉద్దేశం లేకపోలేదు. మగవాళ్ల పోటీల్లోని డబ్బు, మోసం, గాయాలు తమ పిల్లల దాకా రాకూడదని ఆ అధ్యాపకురాళ్లు అనుకున్నారు. కానీ గెలవాలనే కోరికే ఆడపిల్లకి తగదన్న నీతి కూడా దానిలోనే ఉంది.

పైగా ఈ నాజూకుతనం అందరు ఆడవాళ్లకీ వర్తించలేదు. అది ప్రధానంగా కలిగిన తెల్ల కుటుంబాల పిల్లల కోసం తయారైన నాజూకుతనం. నార్త్ కరొలైనాలోని బెన్నెట్ కాలేజీ నల్లజాతి స్త్రీల కాలేజీ. 1930లలో వాళ్ల జట్టు కోర్టంతా పరిగెత్తి ఆడింది. 1934లో ఫిలడెల్ఫియా ట్రిబ్యూన్ పత్రిక నడిపిన జట్టు వాళ్లతో ఆడటానికి వచ్చింది. ఆ జట్టులో ఓరా వాషింగ్టన్ ఉంది. టెన్నిస్‌లోనూ నల్లజాతివాళ్ల జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి ఎదురులేని క్రీడాకారిణి ఆమె. బెన్నెట్ ఆ పోటీల్లో ఓడింది. పెద్ద కాలేజీల్లో షర్బత్తులు తాగుతున్న కాలంలోనే, వాళ్లకి కొన్ని వందల మైళ్ల దూరంలో స్త్రీలు ఇంత గట్టిగా ఆడుతున్నారు. స్త్రీల ఆట చరిత్ర రాసినప్పుడు మొదట స్మిత్ కాలేజీ గుర్తొస్తుంది, బెన్నెట్ గుర్తు రాదు. పనిచేసే ఆడవాళ్ల శరీరాల గురించి నాజూకుతనం మాట ఎవరు ఎత్తారు? పొలాల్లో, ఇళ్లలో, మిల్లుల్లో వాళ్లు మోసిన బరువులకి ఏ డాక్టరూ అడ్డం రాలేదు కదా. మన దగ్గర నాట్లేసే దళిత స్త్రీకీ పరదా చాటు దొరసానికీ ఉన్న తేడా తెలిసిన మనకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

గీతలు మెల్లగా చెరిగాయి. 1938లో మూడు భాగాలు రెండయ్యాయి. 1966లో బంతిని ఎన్నిసార్లయినా నేలకి కొట్టొచ్చన్నారు. 1971లో అయిదుగురు ఆడే పూర్తి కోర్టు ఆట వచ్చింది. అయోవాలో హైస్కూలు అమ్మాయిలు మాత్రం 1993 దాకా పాత ఆరుగురి ఆటే ఆడారు. ఆ ఆటకి ఊళ్లకి ఊళ్లు కదిలివచ్చేవి. గీతల మధ్య ఆడినా ఆట రంజుగానే ఉంటుందనడానికి ఆ జనమే సాక్ష్యం.

గడియారం కథ

స్త్రీల ఆటలోకి 1971లో మరో మార్పు కూడా వచ్చింది. బంతి చేతికొచ్చిన జట్టు 30 సెకన్లలోపు బుట్ట మీదికి విసరాలి. కాలేజీ మగవాళ్ల ఆటలో ఆ కాలంలో అలాంటి గడువే లేదు. బంతిని దాచుకుని కాలం గడిపేయొచ్చు. 1973 డిసెంబరులో టెనెసీ మగపిల్లల జట్టు టెంపుల్ మీద 11-6తో గెలిచింది. ఆట మొత్తానికి రెండు జట్లూ కలిసి 17 పాయింట్లు! పాత రోజుల వైభవం గురించి చెప్పేవాళ్ల నోట ఈ ఆట పేరు నేనెప్పుడూ వినలేదు.

మగవాళ్ల ఆటలో 1985-86 సీజనులో 45 సెకన్ల గడియారం వచ్చింది. 1993లో అది 35 అయింది. 2012-13లో మగవాళ్ల జట్ల సగటు స్కోరు 67.5కి పడిపోయింది. కొన్ని దశాబ్దాల్లో అదే కనిష్ఠం. పత్రికలన్నీ ఆట చచ్చిపోతోందని రాశాయి. చివరికి 2015-16లో గడువుని 30 సెకన్లకి తగ్గించారు. అంటే ఆటని కాపాడటానికి మగవాళ్లు 2015లో కనుక్కున్న మందు, స్త్రీలు 44 ఏళ్లుగా వాడుతున్నదే. ఈ విషయం ఎవరైనా గట్టిగా చెప్పారా?

అదే 2012-13లో స్త్రీల ఆటలో కూడా స్కోర్లు, బుట్టలో పడే బంతుల శాతం రికార్డు స్థాయిలో పడిపోయాయని వాల్ ఆకర్‌మన్ ఎన్.సి.ఎ.ఎ.కి ఇచ్చిన నివేదికలో రాసింది. రెండు ఆటలకీ జబ్బు ఒకటే. రక్షణలో ఉన్నవాళ్లు చేతులతో తోస్తున్నారు, పట్టుకుంటున్నారు, రిఫరీలు ఈల వేయడం లేదు. కానీ మగవాళ్ల విషయంలో నియమాల గురించి చర్చ జరిగితే, స్త్రీల విషయంలో శరీరాల గురించి జరిగింది. కనెటికట్ కోచ్ జీనో ఆరియెమా 2012లో స్త్రీల కోసం బుట్టని సుమారు ఏడు అంగుళాలు కిందికి దించాలన్నాడు. ఆయన స్త్రీల ఆటకి ఎంతో చేసినవాడే, ఆ మాట కూడా మంచి మనసుతో అన్నదే కావచ్చు. అయినా మగవాళ్లు బంతి వేయలేకపోతే తప్పు నియమాలది, ఆడవాళ్లు వేయలేకపోతే తప్పు వాళ్ల ఎత్తుది అయింది.

గెలిచి పోగొట్టుకున్నది

1971లో ఎ.ఐ.ఎ.డబ్ల్యూ. అనే స్త్రీల కాలేజీ క్రీడల సంఘం ఏర్పడింది. దాన్ని నడిపింది స్త్రీలే. సభ్య కాలేజీలు పెరుగుతూ దాదాపు వెయ్యికి చేరాయి. అంతకు ముందు నుంచే వ్యాయామ విద్యలోని స్త్రీ అధ్యాపకులు నియమాల పుస్తకం రాసేవాళ్లు, రిఫరీలుగా పనిచేసే స్త్రీలకి పరీక్షలు పెట్టి స్థాయి నిర్ణయించేవాళ్లు. డబ్బు లేదు. 1972లో మొదటి జాతీయ పోటీకి పెన్సిల్వేనియాలోని ఇమాక్యులాటా అనే చిన్న క్యాథలిక్ కాలేజీ 11 మంది జట్టులో ఎనిమిదిమందినే పంపగలిగింది. ఆ ఎనిమిదిమందే గెలిచి వచ్చారు. తర్వాత రెండేళ్లూ వాళ్లే గెలిచారు. టెనెసీలో 22 ఏళ్ల పాట్ సమ్మిట్ 1974లో కోచ్ అయినప్పుడు నెలకి 250 డాలర్లు ఇచ్చారు. వ్యాను నడిపిందీ ఆమే, బట్టలుతికిందీ ఆమే.

1972లోనే టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష ఉండకూడదన్నది దాని సారం. దాన్ని సాధించడంలో పాట్సీ మింక్, ఎడిత్ గ్రీన్ వంటి స్త్రీ ప్రతినిధుల కృషి ఉంది. మగవాళ్ల కాలేజీ క్రీడల్ని ఏలే ఎన్.సి.ఎ.ఎ. మొదట ఈ చట్టాన్ని వ్యతిరేకించింది. అది ఆగదని తెలిశాక స్త్రీల పోటీల్ని తన చేతిలోకి తీసుకోవాలనుకుంది. 1982లో రెండు సంఘాలూ వేర్వేరుగా జాతీయ పోటీలు పెట్టాయి. డబ్బూ, టీవీ ఉన్నవైపే పెద్ద కాలేజీలు వెళ్లాయి. లూసియానా టెక్ 76-62తో గెలిచిన ఎన్.సి.ఎ.ఎ. ఫైనల్లో ఓడింది షేనీ స్టేట్ అనే నల్లజాతివాళ్ల కాలేజీ. దాని కోచ్ వివియన్ స్ట్రింగర్. ఎ.ఐ.ఎ.డబ్ల్యూ. ఆ ఏడే మూతపడింది.

దీనితో స్త్రీలకి విమాన టికెట్లు వచ్చాయి, స్కాలర్‌షిప్పులు పెరిగాయి, జిమ్ములు దొరికాయి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ 1972లో కాలేజీ స్త్రీల జట్లలో 90 శాతానికి పైగా స్త్రీలే కోచ్‌లు. 2014 నాటికి అది 43 శాతం. జీతం పెరిగేకొద్దీ ఆ ఉద్యోగం మగవాళ్లకి నచ్చింది. స్త్రీల జట్టుకి మగ కోచ్ ఉండటం మామూలైంది. మగవాళ్ల జట్టుకి స్త్రీ కోచ్ ఇవాళ్టికీ వార్తే.

లెక్కల్లో కూడా పోగొట్టుకున్నారు. కాన్సస్‌కి ఆడిన లినెట్ వుడర్డ్ 1981 నాటికి 3,649 పాయింట్లు చేసింది. అది ఎ.ఐ.ఎ.డబ్ల్యూ. కాలం కనుక ఎన్.సి.ఎ.ఎ. తన రికార్డుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో అయోవా క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ ఆ అంకె దాటినప్పుడు గాని కొత్త తరానికి వుడర్డ్ పేరు తెలియలేదు. చిన్న కాలేజీలకి ఆడిన పర్ల్ మూర్ చేసినవి 4,061. క్లార్క్ చివరికి 3,951 దగ్గర ఆగింది. పాత స్త్రీల ఆటని లెక్కలోంచి తీసేసి, స్త్రీల ఆటకి చరిత్ర లేదనడం ఎంత సులువో చూడండి.

నల్లచారల చొక్కా

ఇక రిఫరీల సంగతి. నేను ఎనభైల్లో ఆంధ్రాలో ఒక మహిళా కాలేజీకి ఆడాను. సిమెంటు కోర్టు, మధ్యాహ్నం ఎండ. మా పి.డి. మేడమ్‌కి నియమాల పుస్తకం కంఠతా వచ్చు. అయినా టోర్నమెంట్లలో ఈల ఎప్పుడూ మగ కాలేజీల పి.డి.ల చేతిలోనే ఉండేది. అమ్మాయిల ఆటకి ఇద్దరు రిఫరీలు ఎందుకు, ఒక్కరు చాలు అనేవాళ్లు. ఆ ఒక్కరూ కోర్టు మధ్యలో కుర్చీ వేసుకున్నట్టు నిలబడేవారు. ఎవరైనా తోసి పడేస్తే ‘అమ్మాయిలు కదా, మీరూ మీరూ సర్దుకోండి’ అనేవారు. అదే ఒకమ్మాయి గట్టిగా అరిచి బంతి అడిగితే వెంటనే ఈల! మాటతీరు బాగా లేదని. మా ఆట బాగా లేదని అన్నవాళ్లు చాలామంది. మాకు న్యాయంగా ఒక్క ఆట నడిపినవాళ్లు మాత్రం లేరు.

అందుకే అమెరికాలో రిఫరీలెలా తయారవుతారో ఆసక్తిగా తెలుసుకున్నాను. కాలేజీ రిఫరీలు ఎన్.సి.ఎ.ఎ. ఉద్యోగులు కారు. ఒక్కో లీగు ఒక్కో ఆటకి ఇంత అని ఇచ్చి పిలుస్తుంది. రాత్రి ఒక ఊళ్లో ఆట, తెల్లారి విమానం, మళ్లీ రాత్రి ఇంకో ఊళ్లో. వారంలో ఇలా అనేక ఆటలు. అలసిన కాళ్లతో, ఇరవై ఏళ్ల పిల్లల వేగం వెంట పరిగెత్తాలి. జాతీయ టోర్నమెంటులో స్త్రీల ఆటలకి పనిచేసే రిఫరీలకి మగవాళ్ల ఆటల రిఫరీలతో సమానంగా చెల్లించడం 2022లో గాని మొదలు కాలేదు. తక్కువ కూలి ఇచ్చి మంచి పని లేదని తిట్టడం స్త్రీలకి కొత్త కాదు. స్త్రీ రిఫరీ అయితే తిట్లు ఇంకో రెండు ఎక్కువ. 1997లో వయొలెట్ పామర్, డీ కాంట్నర్ మగవాళ్ల ఎన్.బి.ఎ.లో మొదటి స్త్రీ రిఫరీలైనప్పుడు, ఆటగాళ్లలో కొందరు బాహాటంగానే వద్దన్నారు. పామర్ 2016 దాకా నిలబడి పనిచేసింది.

లోపాలు లేవని అనడం లేదు. 2023 ఫైనల్లో ఎల్.ఎస్.యు. 102-85తో అయోవాని ఓడించింది. ఆ ఆటలో రిఫరీలు 37 ఫౌళ్లు పిలిచారు. క్లార్క్ బంతిని వెనక్కి విసిరినందుకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. పెద్ద క్రీడాకారిణులు ఫౌళ్ల బరువుతో బెంచీ మీద కూర్చుంటే ఆట రక్తి కట్టదు. 2024 సెమీఫైనల్లో అయోవా 71-69తో కనెటికట్‌ని గెలిచినప్పుడు, చివరి నాలుగు సెకన్లలో పిలిచిన ఒక స్క్రీన్ ఫౌల్ మీద దేశమంతా వాదించుకుంది. అదే ఏడు టోర్నమెంటులో, ఒక రిఫరీ ఆడుతున్న కాలేజీల్లో ఒకదానిలో చదివిందని తెలిసి సగం ఆటలో తప్పించారు. ఆ సంగతి ముందే చూసుకోవాల్సింది ఎవరు? పోర్ట్‌లండ్‌లో అయితే మూడు పాయింట్ల గీత కోర్టు రెండు చివర్లా ఒకేలా లేదు. అయిదో ఆట దగ్గర గాని ఎవరూ గమనించలేదు. 1895లో గీతల్ని తప్పుగా చదివిన క్లారా బేర్‌ని ఇవాళ్టికీ చెప్పుకుని నవ్వుతారు. 2024లో గీతల్నే తప్పుగా గీసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

ఇవన్నీ రిఫరీల కంటి చూపు వల్ల వచ్చిన లోపాలా, పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవా? 2021లో శాన్ ఆంటోనియోలో స్త్రీలకిచ్చిన వ్యాయామ సామగ్రి ఇంతేనంటూ సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి వీడియో పెట్టాకనే విచారణ జరిగింది. ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అనే పేరు కూడా అంతదాకా మగవాళ్ల సొత్తే. 2022 నుంచి గాని స్త్రీలకి ఆ పేరు ఇవ్వలేదు. పేరే ఇవ్వనివాళ్లు మంచి రిఫరీని ఇస్తారా?

ఈల వేసేది చొక్కా వేసుకున్నవాళ్లు మాత్రమే కాదు. 2023 ఫైనల్ చివర్లో ఏంజెల్ రీస్ తన ముఖం ముందు చెయ్యి ఆడించి, ఉంగరం వేలు చూపించింది. కొన్ని రోజుల ముందు క్లార్క్ కూడా అలాగే చెయ్యి ఆడించింది. తెల్లపిల్ల చేస్తే పట్టుదల అన్నారు, నల్లపిల్ల చేస్తే పొగరన్నారు. ఈ ఫౌల్‌కి ఏ నియమాల పుస్తకంలోనూ నంబరు లేదు.

2024 ఫైనల్లో సౌత్ కరొలైనా 87-75తో అయోవా మీద గెలిచింది. దాన్ని దాదాపు 1.9 కోట్లమంది చూశారు. ఆ ఏడు మగవాళ్ల ఫైనల్ చూసినవాళ్లు 1.5 కోట్లకి లోపే. ఆట దిగజారిందనే మాట అప్పుడు కాస్త తగ్గింది. అయితే నాకు ఈ అంకెల మీద పూర్తి భరోసా లేదు. చూసేవాళ్లు పెరిగితే డబ్బు పెరుగుతుంది, డబ్బు పెరిగితే 1982లో జరిగినట్టే పదవులు చేతులు మారతాయి. ప్రమాణాలు పెరగాలని నేనూ కోరుకుంటాను. దానికి కావలసినవి తెలియనివి కావు. రిఫరీలకి ఏడాది పొడుగునా శిక్షణ, జీతంతో కూడిన ఉద్యోగం, వారానికి ఇన్నే ఆటలన్న హద్దు, ఆటలోంచి వచ్చిన స్త్రీలకి ఆ ఉద్యోగంలోకి దారి. కోచ్‌లుగా, నియమాలు రాసే కమిటీల్లో స్త్రీలు. ఎ.ఐ.ఎ.డబ్ల్యూ. పదకొండేళ్ల రికార్డులు అసలు రికార్డుల్లో. ఇకమీదట ఎవరైనా ఆట దిగజారిందంటే నేను అడగదలుచుకున్నది ఒక్కటే. ఏ సంవత్సరం నుంచి లెక్కపెడుతున్నారు?